ఏడో పాఠం మీద కేసు

పోయిన వారం ఈరాంగనీ టీచర్ని పోలీసు జీపులో ఎక్కించిన చోట ఆపాను. అది చదవనివాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

మా కితుల్‌పిటియలో నగరసభ ఎన్నికలు ముచ్చటగా మూడోసారి వాయిదా పడ్డాయి. దేశాధ్యక్షుడు వీరవర్ధనగారు అత్యవసర పరిస్థితిని నెలనెలా పొడిగించుకుంటూ ఇరవై ఆరో నెలకు తీసుకొచ్చారు. ఎన్నికైన సభ్యులు లేని నగరసభకు తన బావమరిదిని పెద్దగా కూర్చోబెట్టారు. ఆ బావమరిది వచ్చీరాగానే సంత స్థలం చుట్టూ కంచె వేయిస్తానని దండోరా వేయించాడు. ఎండుచేపలమ్మే మర్సలీన్ తిన్నగా ఈరాంగనీ టీచర్ ఇంటికి వెళ్ళి, "టీచర్, వీళ్ళిలా చెయ్యొచ్చా?" అని అడిగింది. ముప్పై ఒక్క ఏళ్ళు తొమ్మిదో తరగతికి పౌరశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి టీచర్. అడిగితే చెప్పకుండా ఉండలేరు. ఆదివారం సంతలో చేపల పెట్టె ఎక్కి, ప్రభుత్వం అచ్చువేసి బళ్ళకు ఉచితంగా పంచే పుస్తకంలోంచి ఏడో పాఠం చదివారు. పాఠం పేరు 'అధ్యక్షుని అధికారాలు, వాటి హద్దులు'. ఆమె ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీసేయలేదు. పాఠం అయ్యేసరికి జీపు వచ్చి నిలబడింది.

ఇదంతా చెబుతున్న నేను యసవతిని, కోర్టులో టైపిస్టుని. టీచర్ దగ్గర చదువుకున్న దాన్నే. కాబట్టి ఆ గురువారం కోర్టులో జరిగింది నేను కళ్ళతో చూడటమే కాదు, వేళ్ళతో టైపు కూడా చేశాను.

ఆ రోజు తొమ్మిదిన్నరకల్లా హాలు నిండిపోయింది. సంతవాళ్ళంతా దుకాణాలు మూసి వచ్చారు. గొడుగులు లోపలికి తేకూడదని బంట్రోతు అంటే వరండాలో గొడుగుల గుట్ట లేచింది. మర్సలీన్ ముందు బెంచీలో ఇద్దరి చోటు ఆక్రమించి కూర్చుంది. ఆమె పుట్టింది నెగొంబో సముద్రం ఒడ్డున, గొంతు కూడా అక్కడిదే. గుసగుసలాడినా నా బల్ల దాకా వినిపిస్తుంది.

"చెల్లీ, టీచర్‌కి నాలుగు రోజులు అన్నం సరిగ్గా పెట్టి ఉండరే. పొద్దున్నే పాలన్నం వండుకొచ్చాను. ఇక్కడ తినిపించొచ్చా?"

"బోనులో తినకూడదు అక్కా," అన్నాను.

"మరి బోను పక్కన?"

వెనక వరసలో తెల్లటి దుస్తుల్లో, నలగని చొక్కాతో ఒకాయన కూర్చున్నాడు. కొలంబో నుంచి, అధ్యక్షుడి కార్యాలయం నుంచి వచ్చిన దెహిగమ. చేతిలో తోలు సంచీ. తర్వాత మేజిస్ట్రేటు రాకకు అందరూ లేచి నిలబడినప్పుడు ఆయన ఒక్క క్షణం ఆలస్యంగా లేచాడు. తానెవరో నలుగురికీ తెలియాలనే ఆ ఆలస్యం.

టీచర్ని తీసుకొచ్చారు. చీర నలిగింది కానీ కుచ్చిళ్ళు కుదురుగానే ఉన్నాయి, జుట్టు ముడి ఎప్పటిలాగే బిగువుగా ఉంది. నడిపించుకొచ్చిన ఆడ పోలీసు టీచర్ సంచీ తానే మోస్తోంది. లాకప్పులో ఉన్న నాలుగు రోజుల్లోనూ ఆ పిల్లకు ప్రమోషన్ పరీక్షకు పాఠాలు చెప్పారని తర్వాత తెలిసింది.

మేజిస్ట్రేటు జయంత ఇద్దమల్గొడ వచ్చి కూర్చున్నారు. బక్కపల్చటి మనిషి. ఆయన నవ్వగా నేను తొమ్మిదేళ్ళలో రెండుసార్లు చూశాను.

పోలీసుల తరఫున ఇన్‌స్పెక్టర్ వెలగెదర స్వయంగా లేచాడు. ఆరడుగుల మనిషి, బుగ్గ మీసాలు. ఆయనా టీచర్ శిష్యుడే. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాడని ఊరందరికీ తెలుసు.

"స్వామీ," అని మొదలుపెట్టాడు. మా కోర్టుల్లో మేజిస్ట్రేటుని పిలిచే పద్ధతి అది. "ముద్దాయి బహిరంగ స్థలంలో అధ్యక్షులవారి మీద ప్రజలకు అసంతృప్తి రగిలేలా మాట్లాడింది. అత్యవసర నిబంధనల కింద తొంభై రోజులు నిర్బంధంలో ఉంచాలని మనవి."

టీచర్‌కి డెబ్బై మూడేళ్ళు, రక్తపోటు. కొలంబో తీసుకెళ్ళిన వాళ్ళు తొంభై రోజులకే తిరిగొస్తారన్న నమ్మకం కూడా ఆ రోజుల్లో ఎవరికీ లేదు.

టీచర్ తరఫున లేచింది తవమణి. పై కొండల్లో తేయాకు తోటల కూలీలుండే లైనిళ్ళలో పుట్టి, కిరోసిన్ దీపం ముందు చదివి లాయరైన తమిళ పిల్ల. కేసు తనంతట తానే తీసుకుంది. ఫీజు సంగతి మర్సలీన్ ఎత్తితే, "ఆదివారం ఆదివారం కాస్త ఎండునెత్తళ్ళు పంపక్కా, చాలు," అందట.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, అసంతృప్తి రగిలించిన ఆ మాట ఏదో కోర్టుకు చదివి వినిపిస్తారా?"

వెలగెదర పుస్తకం తెరిచాడు. అది పోలీసులు స్వాధీనం చేసుకున్న పుస్తకం, మూలకు సాక్ష్యం చీటీ కట్టి ఉంది. గొంతు సవరించుకున్నాడు.

"'అధ్యక్షుడు ప్రజల యజమాని కాడు. ప్రజలు కొంతకాలానికి పెట్టుకున్న పనివాడు.'"

"ఇందులో అభ్యంతరం ఏ మాటకి?" మేజిస్ట్రేటు అడిగారు.

"పనివాడు, స్వామీ."

"అంటే, అధ్యక్షులవారు పని చెయ్యరని మీ వాదనా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వెలగెదర చెవులు ఎర్రబడ్డాయి. "అలా కాదు స్వామీ. చదివిన తీరు. 'ఏ ఒక్కరూ చట్టానికి అతీతులు కారు' అన్నప్పుడు ముద్దాయి అధ్యక్షులవారి పోస్టరు వైపు చూసింది. మా కానిస్టేబులు గమనించాడు."

తవమణి అడిగింది. "పోస్టరు సంతలో ఏ వైపు ఉంది?"

"అన్ని వైపులా ఉన్నాయి."

"తూర్పున?"

"ఉంది."

"పడమర?"

"రెండున్నాయి."

"అయితే ఆవిడ ఎటు చూడాలంటారు?"

ఇన్‌స్పెక్టర్ కాస్త ఆలోచించాడు. "కిందికి చూడొచ్చు."

"కింద నా చేపల పొట్లం ఉంది స్వామీ!" మర్సలీన్ లేచి నిలబడింది. "అది చుట్టిన పేపరు మీదా ఆయన బొమ్మే! రోజూ మొదటి పేజీలో ఆయనే కదా, నేనేం చెయ్యను? వేరే పేపర్లన్నీ మూయించేశారు!"

హాలు గొల్లుమంది. బంట్రోతు 'నిశ్శబ్దం' అని అరిచి, గోడ వైపు తిరిగి తానూ నవ్వాడు. నా వేళ్ళు తప్పు మీటల మీద పడ్డాయి. మేజిస్ట్రేటు మాత్రం నవ్వలేదు. "ఆమె చెప్పింది రికార్డులోకి ఎక్కించండి. చేపల సంగతి వద్దు, పేపర్ల సంగతి ఎక్కించండి," అన్నారు నాతో.

తవమణి నవ్వులు తగ్గేదాకా ఆగి, గొంతు మార్చింది.

"స్వామీ, ఈ దేశంలో ఇరవై ఆరు నెలలుగా అత్యవసర పరిస్థితి ఉంది. ఆ అత్యవసరం ఏమిటో ఎవరూ చెప్పరు. ఎన్నికలు ఎప్పుడని అడిగిన పత్రిక మూతపడింది. మా నగరసభకు మేం ఎన్నుకోని మనిషి పెద్దయ్యాడు, ఆయనకున్న అర్హత చుట్టరికం ఒక్కటే. కోర్టు తీర్పు నచ్చకపోతే జడ్జి మారతాడు. వీటిలో ఏ ఒక్కటీ నా కక్షిదారు సంతలో అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. అధ్యక్షుడు ఏం చెయ్యకూడదో ప్రభుత్వం తన పుస్తకంలో వరసగా రాసింది. ఆవిడ చదువుతుంటే జనానికి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నేరం జ్ఞాపకానిదైతే సంతంతటినీ అరెస్టు చెయ్యాలి."

"నన్ను ముందు!" అంది మర్సలీన్.

"అమ్మా, మీరు కూర్చోండి," అన్నారు మేజిస్ట్రేటు.

తవమణి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "పుస్తకం మొదటి పేజీ తియ్యండి. అక్కడ ఎవరి ఫోటో ఉంది?"

వెలగెదర పేజీ తిప్పాడు. తిప్పి, అలాగే ఉండిపోయాడు. అతను అంతదాకా ఏడో పాఠం తప్ప ఏమీ చూడలేదని ముఖమే చెప్పింది.

"అధ్యక్షులవారిది."

"ఫోటో కింద?"

"ముందుమాట. అధ్యక్షులవారు రాసిందే."

"చివరి వాక్యం చదవండి."

ఇన్‌స్పెక్టర్ ఒకసారి వెనక వరస వైపు చూశాడు. దెహిగమ తల అడ్డంగా ఊపాడు. మేజిస్ట్రేటు అది చూశారు. "చదవండి ఇన్‌స్పెక్టర్. ఇక్కడ మీకు చదవమని చెప్పాల్సింది నేను, వద్దనాల్సిందీ నేనే."

"'ఈ పుస్తకంలోని ప్రతి పాఠాన్ని ఇంటింటా, వీధివీధినా చదివి వినిపించడం ప్రతి పౌరుని కర్తవ్యమని నేను నమ్ముతున్నాను.'"

ఈసారి ఎవరూ వెంటనే నవ్వలేదు. అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. తర్వాత ఆ మూల నుంచి ఈ మూలకు నవ్వు వానలా వచ్చింది. కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ళు వరండాలో ఉన్నవాళ్ళకు చెప్పారు, వాళ్ళు రోడ్డు మీదివాళ్ళకు చెప్పారు. రోడ్డు మీద ఆటోవాళ్ళు హారన్లు కొట్టారు. నేను తొమ్మిదేళ్ళలో మూడోసారి మేజిస్ట్రేటు పెదవి మీద నవ్వు కదలడం చూశాను.

"ముద్దాయి అధ్యక్షులవారి ఆజ్ఞ పాటించింది, స్వామీ," అని తవమణి కూర్చుంది.

వెలగెదర మాత్రం వదలలేదు. పాపం, వదిలితే అతనికి ఉద్యోగం ఉండదు. "స్వామీ, పాఠం చదవడంతో ఆగలేదు. చివర్లో ఉన్న ప్రశ్నలు కూడా జనాన్ని అడిగింది. మూడో ప్రశ్న చాలా ప్రమాదకరమైనది. 'అధ్యక్షుడు తన అధికారాన్ని మించి ప్రవర్తిస్తే పౌరులు ఏం చేయాలి?' దీనికి జనం పెద్దగా జవాబు చెప్పారు."

"ఏమని?"

"అది... గోలలో మా వాళ్ళకు సరిగ్గా వినపడలేదు, స్వామీ."

"జవాబు తెలియకుండా ప్రమాదకరమని ఎలా తేల్చారు? పోనీ సరైన జవాబు ఏమిటో మీరు చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ జవాబు కోసం పుస్తకంలో పేజీలు తిరగేశాడు. అంత పెద్ద మనిషి, ఆ పుస్తకం పట్టుకుని నిలబడితే నాకు ఒక్కసారిగా మా తరగతి గది కనిపించింది.

బోనులోంచి టీచర్ గొంతు మెల్లగా వచ్చింది. "కంగారుపడకు నాయనా. నీకు తెలుసు. ఆలోచించి చెప్పు."

మేజిస్ట్రేటు ముద్దాయిని మందలించాల్సింది. మందలించలేదు. ఆయనా జవాబు కోసమే చూస్తున్నట్టున్నారు.

వెలగెదర పుస్తకం మూశాడు. వెనక వరస వైపు ఈసారి చూడలేదు. తిన్నగా టీచర్ వైపు చూశాడు.

"ప్రశ్నించాలి, టీచర్," అన్నాడు. "చట్టం దాటకుండా... భయపడకుండా... జవాబు వచ్చేదాకా ప్రశ్నించాలి."

'స్వామీ' అనడం కూడా మరిచిపోయాడు.

"సరిగ్గా చెప్పావు," అన్నారు టీచర్. ఆమె కళ్ళు తడిశాయి. నలభై నాలుగు మంది తరగతి గదిలో ఆఖరి బెంచీ కుర్రాడికి దొరకని మార్కు ఇన్నేళ్ళకు దొరికింది. నేను టైపు ఆపి చీర చెంగుతో ముక్కు తుడుచుకున్నాను.

సరిగ్గా పదకొండు గంటలకు మేజిస్ట్రేటు తీర్పు చెప్పారు. నేను అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. "ప్రభుత్వం పిల్లలకు నేర్పే మాట పెద్దలు వింటే నేరం కాదు. అధికారానికి హద్దు ఉందని గుర్తుచేయడం అధికారాన్ని అవమానించడం కాదు. హద్దు గుర్తుచేస్తే ఎవరికైనా కోపం వచ్చిందంటే ఆ హద్దు ఇప్పటికే దాటారేమోనని ఈ కోర్టుకు అనుమానం కలుగుతోంది. కేసు కొట్టివేయడమైనది."

తర్వాత వరండాలో జరిగింది కోర్టులా లేదు, పెళ్ళిలా ఉంది. మర్సలీన్ టీచర్ని బల్ల మీద కూర్చోబెట్టి పాలన్నం తన చేత్తో తినిపించింది, మిగిలింది ఆడ పోలీసుకి పెట్టింది. ఎవరో పాలు లేని టీ, కితుల్ చెట్టు బెల్లం ముక్కలూ పంచారు. మేజిస్ట్రేటు కారెక్కి భోజనానికి ఇంటికి వెళ్ళారు. ఇన్‌స్పెక్టర్ దూరంగా గోడ పక్కన నిలబడితే టీచరే పిలిచి, తన గ్లాసులో టీ సగం అతనికి పోశారు.

నేను గదిలోకి వచ్చి తీర్పు శుభ్రప్రతి కొట్టడం మొదలుపెట్టాను. తలుపు దగ్గర నీడ పడింది.

దెహిగమ. ఒక కవరు నా బల్ల మీద పెట్టాడు.

"ఇది మేజిస్ట్రేటు బదిలీ ఉత్తరువు. నిన్నటి తేదీతో ఉంది, చూడండి. వచ్చిన ఉత్తరాలు రాసే రిజిస్టరు మీ దగ్గరే ఉంటుంది కదా?"

"ఉంటుంది సర్."

"ఈ ఉత్తరువు ఈ పొద్దున ఎనిమిదిన్నరకు అందినట్టు రాయండి. అంతే మీ పని."

నాకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎనిమిదిన్నరకే బదిలీ అయిపోయిన మనిషి పదకొండింటికి ఇచ్చింది తీర్పు కాదు. అప్పుడు టీచర్ మళ్ళీ ముద్దాయి, మళ్ళీ తొంభై రోజులు. ఎన్ని కోర్టులు, ఎన్ని చట్టాలు ఉన్నా చివరికి ఆయనకు కావలసింది ఒక టైపిస్టు చేతిలో ఒక అంకె.

గోడ గడియారం పన్నెండూ పది చూపిస్తోంది. నా రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుంది. ఇంట్లో నేనూ, కళ్ళు కనపడని మా అక్కా. ఆ రోజు నేను గొప్ప ధైర్యవంతురాలినని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. అయినా మరో అంకె రాయడం చెయ్యికి చేతకాలేదు.

'పగలు 12-10' అని రాశాను. సంతకం పెట్టాను.

దెహిగమ వంగి చదివాడు. కోప్పడలేదు. కిటికీలోంచి తల బయట పెట్టి, "ఇన్‌స్పెక్టర్! ఇలా రండి. ఈవిణ్ణి జీపు ఎక్కించండి," అన్నాడు.

వెలగెదర టీ గ్లాసుతోనే వచ్చాడు. అతని వెనకే మర్సలీన్, బుగ్గలో బెల్లం ముక్కతో. అతను నన్ను చూశాడు, రిజిస్టరు చూశాడు, గడియారం చూశాడు.

"ఏ సెక్షన్ కింద, సర్?"

"ఏమన్నావ్?"

"ప్రశ్నించాను, సర్."

మర్సలీన్ బెల్లం గుటుక్కున మింగేసింది.

దెహిగమ ఇక మాకెవరికీ చెప్పదలచుకోలేదు. నా బల్ల మీది ఫోను తీసుకుని నంబరు తిప్పాడు. రెండు నిమిషాలు గొంతు తగ్గించి మాట్లాడాడు. తర్వాత నిటారుగా నిలబడి, చొక్కా సర్దుకుని, రిసీవరు నాకు అందించాడు.

"అధ్యక్షులవారు. ఆ అంకె ఎందుకు మార్చరో మీరే చెప్పుకోండి."

రిసీవరు ఇటుకంత బరువనిపించింది. చెవి దగ్గరికి తీసుకెళ్ళబోయేసరికి పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి మృదువుగా లాక్కుంది. విడుదల కాగితం మీద సంతకం పెట్టడానికి వచ్చిన టీచర్.

"హలో... కాదండీ, టైపిస్టు కాదు. నేను ఈరాంగనీని... అవును, ఆ సంతలో ఆవిడనే. ఈ అమ్మాయి తన పని తాను చేసింది. చెప్పాల్సిందేమైనా ఉంటే నాతో చెప్పండి... ఆ, ఆరోగ్యం బాగానే ఉంది. మీ లాకప్పులో దోమలు మాత్రం ఎక్కువ."

తర్వాత చాలాసేపు అవతలివైపే మాట సాగింది. టీచర్ ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. కాలితో నా కుర్చీని దగ్గరకు లాక్కుని కూర్చున్నారు. విన్నదాన్ని మాకందరికీ వినిపించేలా తిరిగి చెప్పడం మొదలుపెట్టారు, పాఠం అప్పజెప్పినట్టు.

"ఆదివారం... మా సంతలోనే సభ... మీరు వస్తారు. వేదిక మీద మీ పక్కన నేను నిలబడాలి. నిలబడి, ఏడో పాఠం తప్పు, నేను అన్నేళ్ళూ పిల్లలకు తప్పు నేర్పాను అని నా నోటితో చెప్పాలి." ఆగారు. "చెప్పకపోతే?"

టీచర్ నా వైపు చూశారు, తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు.

"మేజిస్ట్రేటుగారినీ, ఈ అమ్మాయినీ, ఇన్‌స్పెక్టర్నీ. ముగ్గుర్నీ కొలంబో పంపిస్తారు. అర్థమైంది."

దెహిగమ ఆ రోజు మొదటిసారి నవ్వాడు. మర్సలీన్ నా భుజం పట్టుకుంది. నేను తల అడ్డంగా ఊపాను, ఒప్పుకోవద్దు టీచర్ అని. వెలగెదర కూడా ఊపాడు.

టీచర్ కళ్ళు మూసుకున్నారు. తెరిచినప్పుడు వాటిలో ఉన్నది నేను బాగా ఎరిగిన చూపు. ఎవర్నో నల్లబల్ల దగ్గరికి పిలవబోయే ముందు తొమ్మిదో తరగతిలో చూసే చూపు.

"వస్తానండీ," అన్నారు. "తప్పకుండా వస్తాను. మీ పక్కనే నిలబడతాను. ఒక్క సంగతి చెప్పండి. మైకు మీరే పెట్టిస్తారా, మమ్మల్ని తెచ్చుకోమంటారా?"